రోటెన్‌బుర్గ్: కోటా, కొండా?

మన పేపర్లలో హాంబర్గ్, హైడెల్‌బర్గ్, నూరెంబర్గ్ అన్నిటికీ ఒకటే బర్గ్ తగిలించేస్తారు కదా, జర్మన్‌లో అవి రెండు వేరే మాటలండీ. బుర్గ్ అంటే కోట, బెర్గ్ అంటే కొండ. హాంబర్గ్‌ది కోట, మిగతా రెండూ కొండలు. తెలుగులో రాస్తే తేడా మాయం.

ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే రోటెన్‌బుర్గ్ ఫొటోలు చూస్తున్నా. బవేరియాలో టౌబర్ ఏటికి పైన గట్టు మీద ఉండే చిన్న ఊరు, పదకొండు వేల జనం ఉంటారేమో. 1142లో మూడో కొన్రాడ్ రాజు అక్కడ కోట కట్టించాడు, 1356లో భూకంపానికి అది కూలిపోయింది, ఇప్పుడు ఆ చోట పార్కు, పాత చాపెల్ ఒకటీ ఉన్నాయంతే. ఊరి చుట్టూ ఉన్న ప్రాకారం చూసి అదే కోట అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నా. కోట పోయి ఆరున్నర శతాబ్దాలు దాటినా పేరులో మాత్రం దిట్టంగా కూర్చుంది!

» మన గోల్కొండ దీనికి రివర్సు కదండీ. గొల్ల కొండ అని పేరు, ఆ మాట అనగానే మనకి కళ్ల ముందు కనబడేది కోట.

» నూరెంబర్గ్ కూడా అంతే, పేరులో కొండ, పైన చూస్తే చక్రవర్తుల కోట.

» మరి మన బురుజు ఈ బుర్గేనా మేష్టారూ?

» తొందరపడకండి. బురుజు అరబీ బుర్జ్ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, దుబాయ్ బుర్జ్ ఖలీఫాలో ఉన్నదే. ఆ బుర్జ్‌ని గ్రీకు పుర్గోస్‌తో ముడిపెట్టేవాళ్లు ఉన్నారు గానీ తిన్నగా జర్మన్ నుంచి మనకి రాలేదు. ఖాయంగా బుర్గ్ చుట్టం కావాలంటే బూర్జువా ఉంది, ఫ్రెంచి బూర్గ్‌లో ఉండేవాడు, అంటే పట్నవాసి. హాంబర్గ్ నుంచి వచ్చిన బర్గర్ ఎలాగూ ఉంది.

» 😂 బూర్జువా బర్గర్ తింటే రెండు కోటలన్నమాట

» ఉచ్చారణ కూడా చెప్పేస్తా. చివర గ్ రాస్తారు గానీ పలికేది బుర్క్. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి రోథెన్ అనకండి, అక్కడ ఉన్నది ట.

» మా పిట్స్‌బర్గ్ సంగతేంటి? వెంకన్న గుడికి వెళ్లినప్పుడల్లా బోర్డు చూస్తుంటా.

» అదీ బుర్గ్ చుట్టమే, స్కాట్లాండ్ మీదుగా. అక్కడ ఫోర్ట్ పిట్ అని నిజంగానే కోట ఉండేది లెండి.