‘అన్నా కరెనినా’లో లెవిన్ అధ్యాయాలను వదిలేయవచ్చా?

ప్రశ్న:
నెల రోజులుగా టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరెనినా’ చదువుతున్నాను. అన్నా, వ్రాన్‌స్కీల కథ నడిచినంతసేపూ పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు గాని, మూడో భాగంలో లెవిన్ పొలం పనులు మొదలయ్యాక రోజుకు నాలుగు పేజీలు కూడా సాగడం లేదు. పైగా స్తీవా, స్తెపాన్ అర్కాద్యిచ్, అబ్లాన్‌స్కీ ఒకే మనిషి అని తెలుసుకోవడానికే చాలా పేజీలు పట్టింది. లెవిన్ అధ్యాయాలను వదిలేసి చదివితే నష్టం ఉంటుందా?

జవాబు 1:
పేర్లను ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. మన ‘గారు’ చేసే పనిని అక్కడ తండ్రి పేరు (ఇక్కడ అర్కాద్యిచ్) చేస్తుంది. స్తీవా అన్నది అయినవాళ్లు పిలిచే పేరు.

లెవిన్‌ను మాత్రం దయచేసి వదలకండి. గడ్డికోతలో 42 మంది కూలీల వరుసలో తానూ పొడవాటి కొడవలి పట్టుకొని నిలబడిన ఆ భూస్వామికి, ఎలా కోస్తున్నానా అని ఆలోచించినప్పుడల్లా వేటు తప్పుతుంది, ఆ ధ్యాస మరిచిన క్షణాల్లో కొడవలి తనంతట తానే సాగిపోతుంది. మధ్యాహ్నం ఒక ముసలి కూలీ గిన్నెలో రొట్టె నలిపి, నీళ్లు పోసి, ఉప్పు చల్లి పెడితే, ఇంటి భోజనం మాట మరిచి అదే తింటాడు. వెట్టి రోజుల్లో 30 కొడవళ్లకు రెండు రోజులు పట్టిన పచ్చిక అది. 1861లో వెట్టి రద్దయ్యాక ఈ మనుషులతో కలిసి సేద్యం చేయడం ఎలాగన్నదే లెవిన్‌ను నిద్రపోనివ్వని ప్రశ్న.

జవాబు 2:
ఆరో భాగంలోని ఎన్నికల ఘట్టాన్ని నేనూ గబగబా తిప్పేశాను, అందులో తప్పేమీ లేదు. కానీ అదే భాగంలో, లెవిన్ ఎస్టేటు దగ్గరి అడవిలో, పెళ్లి మాట అడగాలని వచ్చిన లెవిన్ సవతి అన్న కొజ్నిషెవ్, చివరి క్షణంలో తాను ఇష్టపడ్డ వారెంకాను రెండు రకాల పుట్టగొడుగుల మధ్య తేడా ఏమిటని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరికీ అంతా అయిపోయిందని తెలిసిపోతుంది. దాన్ని ఎలా వదులుకుంటారు? 1875 నుంచి 1877 వరకు నవలను ధారావాహికగా వేసిన పత్రిక సంపాదకుడు కత్కోవ్, సెర్బియా తరఫున యుద్ధానికి వెళ్లిన రష్యన్ వాలంటీర్ల గురించి రచయిత రాసినది నచ్చక, అన్నా మరణం తర్వాత వచ్చే ఎనిమిదో భాగాన్ని వేయలేదు. టాల్‌స్టాయ్ దాన్ని విడిగా అచ్చు వేయించుకున్నాడు. అన్నా మరణంతో పుస్తకం మూసేస్తే మనమూ ఆ సంపాదకుడి పనే చేసినట్లవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి గడ్డికోతను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ రొట్టె గిన్నె దగ్గరికి వచ్చేసరికి, పొలం గట్టున చద్దన్నంలో నీళ్లు పోసి ఉప్పు కలుపుకొనే మా తాతయ్య చేతులు గుర్తొచ్చి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.