10 రోజుల సైకిల్ యాత్రకు విడి స్పోకులు మోయాలా, వద్దా?

కొత్తబాట: మొదటిసారి దూరం వెళ్తున్నాను. 10 రోజులు, 900 కి.మీ., మధ్యలో కొండదారి ఉంది. 32 స్పోకుల చక్రాలు, 35 మి.మీ. టైర్లు. పెడల్ దగ్గరి పళ్ళ చక్రాల్లో చిన్నది 34 పళ్ళు, వెనక పళ్ళ చక్రాల్లో అన్నిటికన్నా పెద్దది 34. వెనక క్యారియర్ మీద రెండు సంచుల్లో 14 కిలోలు. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు మీటలు, పంపు, చైన్ టూల్, క్విక్ లింకు, బ్రేక్ ప్యాడ్లు సర్దుకున్నాను. స్పోకులు కూడా కావాలా?

ముక్కుసూటి: కావాలి. బరువంతా వెనక చక్రం మీదే పెట్టారు, విరిగేది కూడా అక్కడే, అదీ ఎక్కువగా చైన్ వైపు. క్యాసెట్‌కి, అంటే వెనక పళ్ళ చక్రాల గుత్తికి, చోటివ్వాలి కాబట్టి ఆ వైపు స్పోకులు నిటారుగా నిలబడతాయి, బిగువు ఎక్కువ. హబ్బు (చక్రం నడుమ భాగం) దగ్గర వంపులో అలసి తెగుతాయి. ముందు చక్రానికి, వెనక ఎడమకి, వెనక కుడికి పొడవులు సాధారణంగా వేరు. ఒక్కోటి రెండేసి తీసుకుని ఫ్రేముకి టేపేసి అంటించండి. ఒక్కో స్పోకు దాదాపు 7 గ్రాములే ఉంటుంది.

నిదానం: స్పోకు 7 గ్రాములే. దాన్ని ఎక్కించే సరంజామా మాటేంటి? చైన్ వైపుది వెయ్యాలంటే క్యాసెట్ ఊడదియ్యాలి: లాక్‌రింగ్ టూల్, చైన్ విప్, పెద్ద పానా. కలిపితే అర కిలోకి అటూ ఇటూ. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ? బయల్దేరేముందు వెనక చక్రం బిగువు సరిచేయించండి. స్పోకులు సర్దుకునేదాకా సామానుతో తొక్కి, ఇంకోసారి చూపించండి. బిగువు తక్కువైన స్పోకు ప్రతి చుట్టులోనూ వదులై మళ్ళీ లాగబడుతుంది. అందుకే తెగుతుంది.

గాలిపటం: క్యాసెట్ తీయకుండా హబ్బు రంధ్రంలోంచి దూర్చే కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన తాడు స్పోకు దొరుకుతుంది. జేబులో పడుతుంది.

ముక్కుసూటి: బిగువు సరిచేయించాలట! ఎవరి చేత? ఒక షాపులో నా చక్రానికి 2 మి.మీ. పొడవెక్కువ స్పోకు వేశారు. కొస నిపుల్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్టు) దాటి, రిమ్ టేపు చీల్చుకుని ట్యూబులో దిగింది. ఎన్ని ప్యాచ్‌లు వేసినా మళ్ళీ అక్కడే పంక్చరు. అందుకే చెప్తున్నా, ఎవరినీ నమ్ముకోకూడదు.

నిదానం: అది షాపు తప్పు, స్పోకులు మోయడానికి కారణం కాదు. 32లో ఒకటి పోతే బండి ఆగిపోదు. తెగిన ముక్కని పక్కదానికి చుట్టండి. తెగింది కుడివైపుది, అంటే చైన్ వైపుది అయితే, దానికి అటూ ఇటూ ఉన్న రెండు ఎడమ స్పోకుల్ని అర చుట్టు చొప్పున వదులు చేస్తే ఊగు తగ్గుతుంది. రిమ్ బ్రేకైతే కాస్త తెరవండి. సామానులో సగం ముందుకి మార్చి నెమ్మదిగా పక్క ఊరు చేరొచ్చు.

ముక్కుసూటి: వెనక 14 కిలోలతో అలా నెట్టుకొస్తే పక్కవి కూడా వరసగా తెగుతాయి. మీకు తెలుసు, చెప్పరు.

నిదానం: "సామానులో సగం ముందుకి" అన్నాను. చదివి జవాబివ్వండి.

గాలిపటం: కెవ్లార్ తాడు అన్నాను, ఎవరైనా చదివారా?

ముక్కుసూటి: మీ సలహాలన్నీ తీరికున్నవాళ్ళకి! పక్క ఊళ్ళో షాపు తెరిచేదాకా ఒక పూట, స్పోకు పొడవు దొరక్కపోతే ఇంకో రోజు. తిరుగు టికెట్ కొనుక్కున్నవాడు ఏం కావాలి?

నిదానం: అదీ అసలు విషయం. మన గొడవ స్పోకు గురించి కాదు. 900ని 10తో భాగిస్తే రోజుకి 90. ఖాళీ రోజు ఒక్కటీ లేదు. ఆ ప్లాన్‌ని కాపాడ్డానికి మీరు పనిముట్లు మోయిస్తున్నారు, నేను ప్లానే తప్పంటున్నాను. 34కి 34 అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, 2.17 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 7.8 కి.మీ. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలైతే 8 శాతం ఎక్కుడులో దానికి 180 వాట్లు కావాలి. కొత్తవాళ్ళు గంటల తరబడి అంత ఇవ్వలేరు. అక్కడ కాళ్ళు విరుగుతాయి, స్పోకులు కాదు.

ముక్కుసూటి: గేరు మాట ఒప్పుకుంటా. వెనక 40 పళ్ళది వేయించుకోవచ్చు. కానీ డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) అంత పెద్దదాన్ని అందుకుంటుందో లేదో ముందు చూడాలి, చైన్ కూడా పొడవుది వెయ్యాలి. ఖాళీ రోజు సంగతి మాత్రం ఆయన సెలవుల్ని బట్టి. మీరెవరు నిర్ణయించడానికి?

కొత్తబాట: సెలవులు పెరగవు. దారిని 700 కి.మీ.కి కుదించి, కొండ దిగాక ఒక రోజు ఖాళీ పెట్టాను. తాడు స్పోకు ఒకటి కొంటున్నాను. గేరు మారుస్తున్నాను కాబట్టి చైన్ ఎలాగూ కొత్తదే. వేరే జాగ్రత్త ఏమైనా?

నిదానం: క్యాసెట్, చైన్ మార్చిన వెంటనే బయల్దేరకండి. సామానుతో ఎక్కుడు మీద తొక్కి చూడండి. పెడల్ దగ్గరి చక్రం పళ్ళు అరిగిపోయి ఉంటే కొత్త చైన్ దానికి అతుక్కుని పైకి లేస్తుంది.

ముక్కుసూటి: పాత చైన్ కొలిస్తే ఆ అరుగుదల ముందే కొంత తెలుస్తుంది. గేజీ వద్దు, కొన్ని రకాలు రోలర్ల వదులు కూడా కలిపి చూపిస్తాయి. స్కేలుతో పిన్ను నుంచి పిన్నుకి 12 పూర్తి లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒకటి) కొలవండి. కొత్తదైతే 304.8 మి.మీ. 307 దాటిందంటే పెడల్ దగ్గరి పళ్ళు కూడా చూపించండి.