అలాస్కా క్రూయిజ్: కప్పు ఉన్న బాల్కనీ తీసుకోవాలా, లేనిదా?

తార్నాక నివాసి

అందరికీ నమస్కారం. ఒక విషయం ఎటూ తేలక మా ఇంట్లో పది రోజులుగా నలుగుతోంది. ఓడ ప్రయాణం చేసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. వచ్చే ఏడాది మేం వెళ్ళినప్పుడు అక్కడి నుంచి అలాస్కాకి 7 రాత్రుల క్రూయిజ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. ప్రిన్సెస్ అనే క్రూయిజ్ కంపెనీ ఓడ, వాళ్ళలో గ్రాండ్ క్లాస్ అనే రకానిది. బాల్కనీ ఉన్న గదే తీసుకుందాం అన్నంతవరకు అందరిదీ ఒకటే మాట. ఆ బాల్కనీకి కప్పు ఉండాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయాం.

9వ అంతస్తును డాల్ఫిన్ డెక్ అంటారట. అక్కడ మినీ సూట్లు. గది పెద్దది, బాత్‌టబ్ ఉంటుంది, బాల్కనీ మీద మాత్రం కప్పే లేదు, పూర్తిగా ఆకాశమే. 11వ అంతస్తు బాహా డెక్‌లో బాల్కనీ కాస్త చిన్నది కానీ పైన నిండా కప్పు ఉంటుంది.

మా వారికి కప్పు లేనిదే కావాలి. ఎందుకో చెప్తాను. 2014 దాకా మేం లాలాగూడలో మా మామగారు కట్టిన ఇంట్లో ఉన్నాం. ఎండాకాలం సాయంత్రం ఆరున్నరకి ఈయన నాలుగు బకెట్ల నీళ్ళు మోసుకెళ్ళి డాబా మీద చల్లేవారు. గచ్చు మీంచి గుప్పున ఆవిరి లేచేది. అది ఆరాక నవారు మంచాలు వాల్చి, పిల్లలిద్దర్నీ అటొకర్నీ ఇటొకర్నీ పడుకోబెట్టుకుని, ఉత్తరం వైపు వాటర్ ట్యాంకు పక్కన బాగా కిందుగా కనిపించే ధ్రువ నక్షత్రాన్ని చూపించేవారు. ఇప్పుడు మాది మూడో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీకి గ్రిల్లు, గ్రిల్లుకి పావురాల నెట్టు, పైన నాలుగో అంతస్తువాళ్ళ స్లాబు. "పడుకుని ఆకాశం చూసి పదేళ్ళు దాటింది. అంత దూరం పోయి అక్కడ కూడా స్లాబే చూడమంటావా?" అంటారు.

నా బాధ నాది. నాకు ఆయాసం ఉంది. తడిగాలి తగిలిందంటే ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. ఓడ ఆగే ఊళ్ళలో కెచికన్ అని ఒకటి ఉంది. అక్కడ ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుందని చదివాను. మన హైదరాబాదులో 800 దరిదాపుల్లో పడితేనే కాలనీలు మునుగుతాయి! అలాంటిచోట కప్పు లేని బాల్కనీ తీసుకుంటే అందులో కూర్చునేదెప్పుడు? అలాగని ఆయన కోరిక కొట్టిపారేయాలని కూడా లేదు. ముప్ఫై ఆరేళ్ళు ఉద్యోగం చేశారు, తన కోసమని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

కూకట్‌పల్లి నుంచి

నమస్తే అమ్మా. మేం పోయిన జులైలో మీరు చెప్పిన డాల్ఫిన్ డెక్‌లోనే వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. కప్పు లేని బాల్కనీలో ఏం జరిగిందో జరిగినట్టు చెప్తాను.

మొదటి సాయంత్రం సియాటిల్ నుంచి బయల్దేరినప్పుడు ఎండ కాస్తోంది. ముగ్గురం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, మా అత్తగారు ఇంటి నుంచి తెచ్చిన చేగోడీలు పంచారు. ఎంత బాగుందో చెప్పలేను. మర్నాడు పొద్దున తలుపు తీస్తే కుర్చీల మీద బొటనవేలు మునిగేంత నీళ్ళు. గది చూసే అబ్బాయి వచ్చి తుడిచి పొడి తువ్వాళ్ళు పరిచి వెళ్ళాడు. పది నిమిషాల్లో మళ్ళీ తుంపర. అది వాన అని కూడా అనలేం. జల్లెడలోంచి పిండి రాలినట్టు సన్నగా, గంటలకొద్దీ. నిలబడితే ఏమీ కాదు, కూర్చుంటే మాత్రం అరగంటలో శాలువా బరువెక్కిపోతుంది. ఏడు రోజుల్లో మేం ఆ బాల్కనీలో హాయిగా కూర్చున్నది రెండు రోజులు, ఇంకో రోజు ఒక పూట.

ఇంకోటి, ముందు మాకెవరూ చెప్పనిది. తలెత్తితే ఆకాశం కన్నా ముందు మనుషులు కనిపిస్తారు. పైన మూడు అంతస్తులవాళ్ళు రెయిలింగు మీద మోచేతులు ఆనించి నిలబడితే మన బాల్కనీ మొత్తం వాళ్ళ కళ్ళ కిందే. ఒకసారి పై నుంచి గ్లాసులోని ఐసు ముక్క వచ్చి మా అత్తగారి ఒళ్ళో పడింది. పాపం పైనావిడ సారీ చెప్పింది. ఆ తర్వాత మా అత్తగారు తల దువ్వుకోవడానికి కూడా అక్కడికి రాలేదు. మీరు డాబా అన్నారు కదా, డాబా మీద మనకన్నా పైన ఎవరూ ఉండరు. ఇక్కడ ఉంటారు.

గ్లేసియర్ బే, అంటే మంచునదులు సముద్రంలోకి దిగే అఖాతం, అక్కడికి వెళ్ళిన రోజు సంగతి కూడా చెప్పాలి. నేషనల్ పార్కు రేంజర్లు ఓడ ఎక్కి మైకులో వివరాలు చెప్తుంటారు. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ దాదాపు గంటసేపు ఆగి, ఉన్నచోటే మెల్లగా తిరిగింది. కాబట్టి కుడివైపు గదా ఎడమవైపు గదా అని బెంగ పెట్టుకోకండి, రెండువైపుల వాళ్ళకీ కనిపిస్తుంది. నీటి మీద 250 అడుగుల ఎత్తు మంచుగోడ, నీలిరంగు గీతలతో. ముందు ఒక ముక్క చడీచప్పుడు లేకుండా జారింది. అది నీళ్ళలో పడ్డాక, కొంచెం ఆగి, పిడుగులాంటి చప్పుడు మా దాకా వచ్చింది. మా అత్తగారు దణ్ణం పెట్టుకున్నారు. ఇదంతా ఎదురుగా జరిగేదే గానీ నెత్తి మీద జరిగేది కాదమ్మా. కప్పు ఉన్నా మీకు ఒక్క ముక్క కూడా తగ్గదు.

మళ్ళీ వెళ్తే నేనైతే కప్పు ఉన్నదే తీసుకుంటాను.

మియాపూర్ కోడలు

ఆంటీ, బాల్కనీ ఎలాంటిదన్నది తర్వాత, ముందు గది నంబరు చేతికి వచ్చేలా బుక్ చేయించండి. మా మామయ్యగారివాళ్ళకి ఇక్కడ ఒక ఏజెంటు "బాల్కనీ గ్యారంటీ" అని తక్కువ రేటుకి ఇప్పించారు. గ్యారంటీ అంటే మంచిదే కదా అనుకున్నాం. బాల్కనీ గది ఏదో ఒకటి వస్తుందన్నంతవరకే దాని అర్థమట, ఎక్కడన్నది కంపెనీ ఇష్టం. చివరికి వచ్చిన గదిలోంచి చూస్తే సగం సముద్రం, సగం నారింజరంగు లైఫ్‌బోటు. అత్తయ్యగారు వారం రోజులూ ఆ బోటునే చూశారు. డబ్బులు మిగిలాయన్న మాటే గానీ, ఇప్పటికీ తలచుకుంటే నాకు బాధే.

వీసా సంగతి కూడా చూసుకోండి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో ఎక్కించుకున్నవాళ్ళని మళ్ళీ అమెరికాలోనే దించాలంటే మధ్యలో పరాయి దేశపు రేవులో ఆగి తీరాలి. 1886 నాటి చట్టం ఇప్పటికీ నడుస్తోంది. అందుకే సియాటిల్ ఓడలు కెనడాలో విక్టోరియా దగ్గర ఆగుతాయి. మన పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళు కెనడా వీసా కూడా తీసుకోవాలి.

ఓడల్లో 22 ఏళ్ళు

నమస్కారమమ్మా. నేను మర్చంట్ నేవీలో చేసి, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. మీవారి ధ్రువ నక్షత్రం మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఓడ కట్టుబడి చెప్తాను. బొమ్మల కొలువు మెట్లు గుర్తు తెచ్చుకోండి. గ్రాండ్ క్లాస్ ఓడల పక్కభాగం అలాగే ఉంటుంది. కింది మెట్టు డాల్ఫిన్ డెక్, అన్నిటికన్నా బయటికి వస్తుంది. అందుకే దాని మీద కప్పు లేదు. దాని పైది కరీబ్ డెక్, 10వ అంతస్తు. అది కాస్త లోపలికి ఉంటుంది. ఆ పైన బాహా ఇంకాస్త లోపలికి. బాహా బాల్కనీయే కరీబ్ బాల్కనీలో గది వైపు సగానికి కప్పు అవుతుంది, రెయిలింగు వైపు సగం ఖాళీగా ఉంటుంది. మీరు రెండే దారులు రాశారు, ఈ మూడోది ఎవరూ చెప్పలేదేమో. పాత ఇళ్ళల్లో వసారా, దాని ముందు వాకిలి ఉన్నట్టు అనుకోండి. మీరు వసారాలో, ఆయన వాకిట్లో. బాల్కనీ కూడా బాహాకన్నా పెద్దది. ఆయన ముందుకొచ్చి నిలబడితే పైవాళ్ళకి కనిపిస్తారు, మీరు వెనక్కి కూర్చుంటే కనిపించరు. ఓడ మధ్యభాగంలో తీసుకోండి, ఊపు తక్కువ. సియాటిల్ ఓడలు వాంకూవర్ ద్వీపానికి పడమరగా, బయటి సముద్రం మీదుగా వెళ్తాయి కాబట్టి మొదటి రోజు కొంచెం ఊపు ఉంటుంది. ఆహ్లాదంగా ఉంటుందని 12వ అంతస్తుకి మాత్రం పోకండి. దాని నెత్తినే భోజనాల అంతస్తు, తెల్లవారకముందే కుర్చీలు లాగుతారు.

ఇక నక్షత్రం. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అందుకే మీ డాబా మీంచి ధ్రువుడు నేలకి 17 డిగ్రీల ఎత్తులో, ట్యాంకు పక్కన కనిపించేవాడు. ఓడ ఆగే జూనో ఊరు 58 డిగ్రీల మీద ఉంది. అక్కడ ధ్రువుడు సగం ఆకాశం దాటి పైకి ఎక్కేస్తాడు. మీవారు ఒక్కసారిగా పోల్చుకోలేకపోవచ్చు కూడా, సప్తర్షుల్ని పట్టుకుని వెతకమనండి.

కానీ ఆయనకి ముందే చెప్పాల్సినవి రెండు. జూన్‌లో వెళ్తే అసలు చీకటే పడదు. జూనోలో రాత్రి పదింటికి పొద్దు గూకి, నాలుగు కాకముందే తెల్లవారుతుంది, మధ్యలో కూడా ఆకాశం బూడిదరంగులోనే ఉంటుంది. నక్షత్రాలు కావాలంటే ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట. అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, పదికి మంచి చీకటి. అయితే ఆ ప్రాంతంలో వానలు తక్కువగా ఉండేవి మే, జూన్. సెప్టెంబర్‌కి వానలు బలపడతాయి. చీకటికి వెళ్తే వాన, వాన తప్పించుకుంటే చీకటి ఉండదు. మీరిద్దరూ దీని మీద ఒక మాటకి రావాలి.

రెండోది, ఓడ పోయేది ఉత్తరానికి. ధ్రువుడు ఓడ ముక్కు ఎదురుగా ఉంటాడు. గదులు పక్కల ఉంటాయి కాబట్టి, కప్పు లేని బాల్కనీ కొన్నా ఆయన అడ్డగోడ పక్క నుంచి మెడ సాచి వెతుక్కోవాల్సిందే. తిరుగు ప్రయాణంలో వెనక్కి పోతాడు. అందుకని ఆ ఒక్క చుక్క కోసం డాల్ఫిన్ డెక్‌కి ఎక్కువ డబ్బు పెట్టకండి. పైనున్న బహిరంగ డెక్ అందరిదీ. రాత్రి పదింటికి లిఫ్టులో వెళ్ళి, దీపాలు తక్కువగా ఉన్న మూల చూసుకుని నిలబడితే దిగంతం నుంచి దిగంతం దాకా ఆకాశమే. నేను డ్యూటీ దిగి అలా నిలబడిన రాత్రులు ఎన్నో. ఉద్యోగం వదిలాక నాకు లోటుగా ఉన్నది అదొక్కటే.

తార్నాక నివాసి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మీ జవాబులన్నీ ఆయనకి చదివి వినిపించాను. ఐసు ముక్క సంగతి విన్నప్పుడు ఏమీ అనలేదు. 17, 58 అన్న దగ్గర "మళ్ళీ చదువు" అన్నారు. తర్వాత లేచి వెళ్ళి మనవడి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి, దాని మధ్య చిల్లుకి దారం కట్టి, దారానికి నా తాళంచెవి వేలాడదీసి, వంటింటి గోడకి ఆనించి చూశారు. 17 దగ్గర పెన్సిలుతో ఒక గీత, 58 దగ్గర ఇంకో గీత. పై గీతకేసి చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డారు. పొద్దున కాఫీ తాగుతూ, "వసారాలో నువ్వు, వాకిట్లో నేను, సరే" అన్నారు.

అబ్బాయికి చెప్పేశాం. కరీబ్ డెక్, ఓడ మధ్యలో, గది నంబరు చూసుకుని మరీ. సెప్టెంబర్ మొదటి వారం. వాన పడితే పడనీ, నేను కప్పు కింద శాలువా కప్పుకుని కూర్చుంటాను, ఇన్‌హేలర్లు రెండు పెట్టుకుంటాను. కెనడా వీసా కాగితాలు కూడా మొదలుపెట్టాం. మియాపూర్ అమ్మాయీ, ఆ మాట చెప్పకపోతే మాకు తట్టేదే కాదు తల్లీ.

సైనిక్‌పురి అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, మెడ ఎత్తి ఎక్కువసేపు నిలబడలేరు. ఆ పై డెక్ మీద పడుకుని చూసే వీలుంటుందా?

ఓడల్లో 22 ఏళ్ళు

ఉంటుందమ్మా. ఈత కొలను చుట్టూ వాల్చుకునే పడక కుర్చీలు ఉంటాయి. రాత్రిపూట, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు, వాటిని దొంతర పెట్టి కట్టేస్తారు. అక్కడ పని చేసే వాళ్ళని అడిగితే ఒకటి విప్పి ఇస్తారు. కాస్త తడిగా ఉంటుంది, గదిలోంచి తువ్వాలు తీసుకెళ్ళండి. మంకీ క్యాపు మర్చిపోవద్దు. వెళ్ళేటప్పుడు కుర్చీని కాళ్ళు ఓడ ముక్కు వైపు ఉండేలా వేయించండి, పడుకుంటే ధ్రువుడు సరిగ్గా ఆయన కళ్ళెదుట ఉంటాడు.