జర్మనీలో ఇంటి ఇంటర్నెట్, ఫోన్ కాంబో తీసుకోవచ్చా?

ప్రశ్న, ఆఖెన్ నుంచి:
నమస్కారమండీ. మాస్టర్స్‌కి వచ్చాను. ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాట్ దొరికింది. షాపులో ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్, మొబైల్ సిమ్ మూడూ కలిపి నెలకు 20 యూరోలు, 24 నెలల కాంట్రాక్ట్ అంటున్నారు. తీసేసుకోమంటారా? ఊళ్లో నాన్నగారికి రోజూ ఫోన్ చేయాలి.

జవాబు, మ్యూనిక్ నుంచి:
షాపులో మాత్రం సంతకం పెట్టకు తమ్ముడూ. ఆన్‌లైన్‌లోనో ఫోన్ మీదో తీసుకుంటే 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేయొచ్చు. ఇక్కడ వీడర్‌రూఫ్ అంటారు. షాపులో కూర్చుని చేసిన సంతకానికి ఆ హక్కు లేదు. ఆ ప్లానే నచ్చితే ఇంటికొచ్చి వాళ్ల సైట్లో పెట్టుకో.

ఇక ఆ 20 యూరోలు. సాధారణంగా అది మొదటి కొన్ని నెలల రేటే. 24 నెలలకూ కలిపి లెక్క వెయ్యి. ఉదాహరణకి 6 నెలలు 20 చొప్పున 120, మిగతా 18 నెలలు 45 చొప్పున 810, కనెక్షన్ ఛార్జీ 70. మొత్తం 1000 యూరోలు, అంటే నెలకు దాదాపు 42. రౌటర్ అద్దె ఉంటే అది వేరే. నీ ప్లాన్ అసలు అంకెలు కాంట్రాక్ట్ సారాంశం కాగితంలో ఉంటాయి. ఒప్పుకోకముందే అది నీ చేతికి ఇవ్వాలని చట్టం, అడిగి తీసుకో.

కాంబో అని ఒక పేరు పెట్టినా లోపల ఉండేవి రెండు కాంట్రాక్టులు. సిమ్ ఇవాళే మొదలవుతుంది, ఇంటి లైను టెక్నీషియన్ వచ్చి వెళ్లాక మొదలవుతుంది. గడువులూ అలాగే వేర్వేరు తేదీల్లో తీరతాయి. ఒకటి ఆపితే రెండోదాని మీద డిస్కౌంట్ పోతుంది. డాయిచె టెలికామ్ కంపెనీ వాళ్ల మజెంటా ఐన్స్ కాంబో అయినా, వొడాఫోన్ గీగాకాంబి అయినా పద్ధతి ఇదే. సంసారంతో ఒకే ఇంట్లో నాలుగేళ్లు ఉండేవాళ్లకి నిజంగా లాభం. కోర్సయ్యాక ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో తెలియనివాళ్లకి అనవసరపు ముడి. నువ్వు సిమ్ ప్రీపెయిడ్ తీసుకుని, ఇంటికి ఇంటర్నెట్ విడిగా పెట్టించుకో. 12 నెలల ప్లాన్ కూడా చూపించాల్సిన బాధ్యత కంపెనీదే, నెలకు కాస్త ఎక్కువైనా అడుగు. 2021 డిసెంబర్ నుంచి తొలి గడువు దాటిన ఇలాంటి కాంట్రాక్టును ఒక్క నెల నోటీసుతో ఎప్పుడైనా ఆపేయొచ్చు.

ఇంకోటి, ముగ్గురిలో ఎవరి పేరున తీసుకుంటే కంపెనీ దృష్టిలో మొత్తం బాకీ వాళ్లదే. వాటాల సంగతి ముందే రాసుకోండి.

జవాబు, బెర్లిన్ నుంచి:
ప్లాన్ కంటే ముందు ఆ ఇంటికి ఏ లైను వస్తుందో చూడండి. గోడ మీద ఎఫ్ గుర్తున్న టీఏఈ అనే ఫోన్ సాకెట్ ఉంటే డీఎస్ఎల్, అంటే రాగి ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్. గుండ్రటి కన్నాల టీవీ సాకెట్ ఉంటే కేబుల్, అంటే టీవీ తీగ మీద వచ్చేది. ముగ్గురికి 100 ఎంబీపీఎస్ చాలు. డీఎస్ఎల్ 100లో అప్‌లోడ్ 40 దాకా వస్తుంది, 50 ప్లాన్‌లో 10 మాత్రమే. వీడియో కాల్‌లో మీ మొహం అవతలివాళ్లకి చెదిరిపోయేది ఇక్కడే. కేబుల్‌లో డౌన్‌లోడ్ 1000 అని రాసినా అప్‌లోడ్ 50 దగ్గర ఆగుతుంది. పైగా చుట్టుపక్కల ఇళ్లన్నీ పంచుకునే లైను కాబట్టి రాత్రి ఎనిమిది, తొమ్మిదికి మందగించొచ్చు.

రౌటర్ సొంతంగా పెట్టుకునే హక్కు 2016 ఆగస్టు నుంచి ఉంది. ఫ్రిట్జ్‌బాక్స్ అనే రౌటర్లలో 7530, 7590 మోడళ్లు డీఎస్ఎల్‌కి. 6660, 6690 కేబుల్‌కి. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. సెకండ్ హ్యాండ్ కేబుల్ రౌటర్ కొనేటప్పుడు జాగ్రత్త: కంపెనీ అద్దెకిచ్చిన పెట్టెల్ని అమ్మేసేవాళ్లుంటారు, అవి మీ పేరున యాక్టివేట్ కావు.

జవాబు, స్టుట్‌గార్ట్ నుంచి:
టెక్నీషియన్ రోజు గురించి ఎవరూ చెప్పలేదు, పని చెడేది ఎక్కువగా అక్కడే. కాంట్రాక్ట్‌లో ఉన్న ఇంటిపేరు కాలింగ్ బెల్ మీదా పోస్టు డబ్బా మీదా ఉండాలి. లేకపోతే ఆయన కింద నిలబడి పేరు కనపడక వెళ్లిపోతాడు, రౌటర్ పార్సెల్ కూడా తిరిగిపోతుంది. చిన్న కాగితం ముక్క మీద రాసి టేపుతో అంటించినా చాలు. రాగి లైను కలిపే పెట్టె చాలా బిల్డింగుల్లో సెల్లార్‌లో ఉంటుంది. తాళం కోసం హౌస్‌మైస్టర్‌కి, అంటే బిల్డింగు చూసుకునే మనిషికి, ముందురోజే చెప్పండి. ఇంతకుముందు అద్దెకున్నవాళ్ల పేరు కనుక్కుని ఆర్డర్‌లో రాస్తే పాత లైను తేలిగ్గా దొరుకుతుంది.

డీఎస్ఎల్‌కి మీరు ఐన్స్ ఉంట్ ఐన్స్, ఓ టూ లాంటి వేరే కంపెనీతో తీసుకున్నా, చాలాచోట్ల వచ్చేది టెలికామ్ మనిషే, రాగి తీగ వాళ్లది కాబట్టి. చెప్పిన రోజున రాకపోతే మీ కంపెనీ నుంచి 10 యూరోలు లేదా నెల బిల్లులో 20 శాతం, ఏది ఎక్కువైతే అది, అడగొచ్చు.

ప్రశ్న, ఆఖెన్ నుంచి:
చాలా థ్యాంక్సండీ. మరి ల్యాండ్‌లైన్‌తో వచ్చే ఫ్లాట్‌లో, అదే నెలకింత అని ఎన్ని కాల్స్ అయినా చేసుకునే ప్యాక్‌లో, ఇండియా కాల్స్ కూడా వస్తాయా?

జవాబు, మ్యూనిక్ నుంచి:
రావు. ఫ్లాట్ అంటే మామూలుగా జర్మనీ నంబర్లకే. ఇండియాకి నిమిషం లెక్కన బిల్లు పడుతుంది. నాన్నగారి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంటే వాట్సాప్ సరిపోతుంది. మామూలు ఫోనే అయితే లైకా, లెబారా లాంటి ప్రీపెయిడ్ సిమ్‌లలో ఇండియా నిమిషాలున్న ప్యాక్ చూడు. సిమ్ యాక్టివేషన్‌కి పాస్‌పోర్ట్ చూపించాలి, వీడియో కాల్‌లో కుదరకపోతే పోస్టాఫీసులో పోస్ట్ఐడెంట్ అనే గుర్తింపు తనిఖీ చేయించుకో. సిమ్ రాగానే కస్టమర్ కేర్‌కి చెప్పి ద్రిట్‌ఆన్‌బీటర్‌ష్పెరె పెట్టించు, ఉచితం. తెలియకుండా ఏదో సబ్‌స్క్రిప్షన్ నొక్కితే డబ్బు పోకుండా ఆపుతుంది.

జవాబు, బెర్లిన్ నుంచి:
లైను వచ్చాక స్పీడ్ తక్కువనిపిస్తే వైఫైలో కొలిచి కంపెనీకి చెప్పి లాభం లేదు. టెలిఫోన్ కంపెనీల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ బుండెస్‌నెట్స్‌అగెంటూర్ వాళ్ల బ్రైట్‌బాండ్‌మెసుంగ్ అనే స్పీడ్ కొలిచే ప్రోగ్రాం లాప్‌టాప్‌లో వేసుకుని, ల్యాన్ కేబుల్ పెట్టి, మూడు వేర్వేరు రోజుల్లో మొత్తం 30 సార్లు కొలవాలి. ఆ రిపోర్టులో తేడా తేలితే బిల్లు తగ్గించమనొచ్చు లేదా కాంట్రాక్ట్ వదిలేయొచ్చు. లైను పూర్తిగా పడిపోతే ఫిర్యాదు చేసిన తేదీ రాసుకోండి. రెండు రోజుల్లో బాగు చేయకపోతే మూడో రోజు నుంచి రోజుకి 5 యూరోలు లేదా బిల్లులో 10 శాతం, ఐదో రోజు నుంచి 10 యూరోలు లేదా 20 శాతం వస్తాయి.

ఊరు మారితే, కొత్త ఇంట్లో ఆ కంపెనీ ఒప్పుకున్న సర్వీసు ఇవ్వలేకపోతేనే ఒక నెల నోటీసుతో గడువుకి ముందు బయటపడొచ్చు. ఇవ్వగలిగితే పాత గడువే కొనసాగుతుంది. సిమ్ ఎక్కడైనా పనిచేస్తుంది కాబట్టి ఆ కాంట్రాక్ట్ మాత్రం మిగిలిపోతుంది. రద్దు చేసేటప్పుడు సైట్లోని రద్దు బటన్ వాడి, వచ్చిన మెయిల్ దాచుకోండి. అద్దె రౌటర్‌ని అడాప్టర్‌తో సహా పార్సెల్ చేసి, రసీదు ఆఖరి బిల్లు వచ్చేదాకా పారేయకండి.