అప్‌డేట్: ‘సరుకు తక్కువ వచ్చింది’ అని కోసిన డబ్బు చాలావరకు తిరిగొచ్చింది

ఆన్‌లైన్ రిటైలర్ ఒకరు మా ప్రచురణ సంస్థ పుస్తకాల బిల్లుల్లో ‘సరుకు తక్కువ అందింది’ అంటూ డబ్బు కోసేస్తున్నారని, వాళ్లకిచ్చే డిస్కౌంట్ పెంచం అన్నాకే ఇది మొదలైందని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పర్చేజ్ ఆర్డర్, ఇన్వాయిస్, ట్రాన్స్‌పోర్ట్ రసీదు మూడూ పక్కపక్కన పెట్టి చూడమన్న సలహానే పనిచేసింది. మా అకౌంటెంట్ అలా చూస్తే కోతలన్నీ ఒకే మూడు సంపుటాల సెట్ మీద పడ్డాయి. ఆర్డరేమో విడి సంపుటాలకు, దేని ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) దానికే. ప్రింటర్ మాత్రం మూడూ కలిపి ప్లాస్టిక్ కవర్ చుట్టి పంపేవాడు. బయటికి కనిపించేది మొదటి సంపుటం బార్‌కోడ్ ఒక్కటే. రిటైలర్ గోడౌన్‌లో అదొక్కటే స్కాన్ చేసి, మిగతా రెండూ రాలేదని రాసుకున్నారు!

ప్యాకింగ్ ఫొటోలు, స్టాంపు వేసిన రసీదులు జతచేసి రిటైలర్ పోర్టల్‌లో ఒక్కో ఇన్వాయిస్‌కి విడిగా డిస్ప్యూట్ (కోత తప్పని అభ్యంతరం) వేశాం. అన్నీ కలిపి వేసింది తిప్పికొట్టారు. గడువు దాటిన పాతవి మాత్రం రాలేదు, వాటి మీద ఆశ వదిలేశాం.

డిస్కౌంట్ గొడవకీ దీనికీ సంబంధం లేదు. 2014లో అమ్మకం షరతుల మీద అమెజాన్, ప్రచురణ సంస్థ హాచెట్ పంతం పట్టినప్పుడు అమెజాన్ హాచెట్ పుస్తకాలకు ప్రీఆర్డర్లు ఆపేసింది, డెలివరీలు ఆలస్యం చేసింది. రిటైలర్ సైట్‌లో మా పుస్తకాల పేజీల్లో అలాంటిదేమీ జరగలేదు. లాయర్ నోటీసు అవసరం పడలేదు. ఇప్పుడు సంపుటాలు విడివిడిగానే ప్యాక్ చేయిస్తున్నాం. డిస్కౌంట్ బేరం ఇంకా నడుస్తోంది.