జాబిక్స్‌లో 4 పోర్టులు అడిగితే 43 వచ్చాయి, అదే రెజెక్స్ ప్రొమీథియస్‌లో పెడితే ఒక్కటీ రావట్లేదు

కొత్త_అడ్మిన్:
అందరికీ నమస్కారం, రెజెక్స్ (పేర్లలో వెతకడానికి రాసే ప్యాటర్న్) బాగా తెలిసినవాళ్ళు ఒకసారి ఇటు చూడండి. మా స్విచ్చులన్నీ 48 పోర్టులవి, పేర్లు జీఐ0/1, జీఐ0/2 అలా వస్తాయి, అందులో 0/1 నుంచి 0/4 వరకే అప్‌లింకులు (మిగతా నెట్‌వర్క్‌కి కలిపేవి). మిగతావి యూజర్ పోర్టులు, వాటి గ్రాఫులూ వద్దు అలర్టులూ వద్దు, ఎవరో ల్యాప్‌టాప్ కేబుల్ పీకిన ప్రతిసారీ లింక్ డౌన్ అని మెయిల్ వచ్చి పడుతోంది. అందుకని మా మానిటరింగ్ టూల్ జాబిక్స్‌లో, ఏ పోర్టుల్ని గమనించాలో తేల్చే డిస్కవరీ ఫిల్టర్‌లో ఇంటర్‌ఫేస్ పేరు దగ్గర ఇది పెట్టాను:

0/[1-4]

సేవ్ చేసి చూస్తే స్విచ్‌కి 43 పోర్టులు దిగాయి. విచిత్రం ఏంటంటే 0/5 నుంచి 0/9 మాత్రం లేవు, మిగతావన్నీ ఉన్నాయి. పోనీ జాబిక్స్‌లో ఏదో తేడా ఉందేమోనని టెస్టింగ్‌కి పెట్టుకున్న ఇంకో మానిటరింగ్ టూల్ ప్రొమీథియస్‌లో ఇదే ప్యాటర్న్‌తో క్వెరీ కొడితే రిజల్ట్ ఖాళీ. ఒకే రెజెక్స్, ఒకే స్విచ్, ఒకచోట అన్నీ, ఇంకోచోట సున్నా. ఎక్కడ వెతకాలో కూడా అర్థం కావట్లేదు.

పాతకాపు:
5 నుంచి 9 లేవన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. జాబిక్స్ మీ ప్యాటర్న్‌ని పేరులో ఎక్కడైనా తగిలితే చాలు అని చూస్తుంది. 0/10 లో 0/1 ఉంది కదా, తగిలింది, ఆ తర్వాత ఉన్న 0 సంగతి మీరు చెప్పలేదు కాబట్టి అది పట్టించుకోదు. అలా 10 నుంచి 48 దాకా ప్రతి నంబరూ 1, 2, 3, 4 లో ఏదో ఒకదానితోనే మొదలవుతుంది, అవి 39, మీకు కావాల్సినవి 4, మొత్తం 43. 5, 6, 7, 8, 9 ఒక్కటే అంకె కాబట్టి బయట ఉండిపోయాయి. చివర డాలర్ పెట్టండి, పేరు అక్కడితో అయిపోవాలి అని దానర్థం:

0/[1-4]$

ప్రొమీథియస్ దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ లేబుల్ (పోర్ట్ పేరు లాంటి గుర్తు) మీద రాసే రెజెక్స్ లేబుల్ మొత్తానికీ సరిపోవాలి, మీరు పెట్టకపోయినా ముందు క్యారెట్ (^, పేరు ఇక్కడే మొదలవ్వాలి అని), వెనక డాలర్ ఉన్నట్టే లెక్క. మీ లేబుల్ జీఐ0/1, ప్యాటర్న్‌లో జీఐ అనేదే లేదు, ఇంకెక్కడి మ్యాచ్. అక్కడ ముందు ఏమున్నా సరే అని .* పెట్టి ఇలా రాయాలి:

.*0/[1-4]

లేబుళ్ళని మార్చే రీలేబుల్ కాన్ఫిగ్‌లో కూడా ఇదే రూలు.

నైట్‌షిఫ్ట్:
పాతకాపు గారు చెప్పింది కరెక్టే గానీ ఇంకో చిన్న గొయ్యి ఉంది. ఛాసిస్ టైపు స్విచ్ (స్లాట్లలో కార్డులు గుచ్చేది) ఉండి అందులో 10వ స్లాట్ ఉంటే 10/1 అన్న పోర్ట్ కూడా 0/1 తోనే ముగుస్తుంది, అది కూడా లోపలికొచ్చేస్తుంది. సున్నాకి ముందు అంకె ఉండకూడదు అని కూడా చెప్పాలి, బ్రాకెట్ లోపల మొదట ^ పెడితే "ఇవి కాకుండా" అని అర్థం. జాబిక్స్‌లో:

(^|[^0-9])0/[1-4]$

ప్రొమీథియస్‌లో:

(.*[^0-9])?0/[1-4]

ఇప్పుడు మీ దగ్గర ఛాసిస్ లేకపోయినా ఇలాగే రాసి పెట్టుకోండి, రేపు ఎవరో ఒకటి కొని రాక్‌లో పెట్టాక ఈ ఫిల్టర్ ఎవరికీ గుర్తుండదు.

కేబుల్_కష్టాలు:
మధ్యలో వస్తున్నా క్షమించాలి, నాదీ ఇలాంటిదే. నాకు 1 నుంచి 24 వరకు పోర్టులు కావాలి, 0/[1-24]$ అని పెట్టాను, డాలర్ కూడా పెట్టాను, అయినా 1, 2, 4 మాత్రమే వస్తున్నాయి. 3 కూడా రావట్లేదు!

నైట్‌షిఫ్ట్:
చదరపు బ్రాకెట్ ఒక్క అక్షరానికే, దానికి నంబర్లు తెలియవు. [1-24] అంటే "1 నుంచి 2 వరకు, లేదా 4" అని చదువుకుంటుంది, అందుకే మీకు 3 ఎగిరిపోయింది. రేంజ్‌ని ముక్కలు చేసి రాయాల్సిందే:

0/([1-9]|1[0-9]|2[0-4])$

ఆ గుండ్రటి బ్రాకెట్లు మర్చిపోవద్దు. అవి లేకపోతే నిలువు గీత మొత్తం ప్యాటర్న్‌నే చీల్చేస్తుంది, 0/[1-9] ఎక్కడున్నా సరే, లేదా 1[0-9] ఎక్కడున్నా సరే, లేదా 2[0-4] తో ముగిస్తే సరే అని మూడు వేరువేరు షరతులైపోతాయి. నేను చూసిన అలర్టు గోలల్లో సగం ఈ బ్రాకెట్ లేకే.

పాతకాపు:
అసలు నన్నడిగితే పోర్ట్ నంబర్ల మీద రెజెక్స్ రాయడమే దండగ. స్విచ్‌లో పోర్ట్ డిస్క్రిప్షన్ ఉంటుంది కదా, ఎస్‌ఎన్‌ఎమ్‌పీలో (స్విచ్ వివరాలు అడిగే ప్రొటోకాల్) ఐఎఫ్‌ఏలియాస్‌గా వస్తుంది, అప్‌లింక్ పోర్టుల డిస్క్రిప్షన్ మొదట్లో అప్‌లింక్ అని ఒక మాట పెట్టి ఫిల్టర్ దాని మీద రాయండి. రేపు అప్‌లింక్ 0/1 నుంచి 0/47 కి మారినా మానిటరింగ్ ముట్టుకోనక్కర్లేదు. జాబిక్స్ ఇచ్చే స్టాండర్డ్ టెంప్లేట్లలో ఏలియాస్‌కీ, పేరుకీ వేరువేరుగా మ్యాచెస్, నాట్ మ్యాచెస్ మ్యాక్రోలు (మనం మార్చుకోగల విలువలు) ఉంటాయి, టెంప్లేట్‌ని కెలక్కుండా ఆ హోస్ట్‌కి మాత్రం మ్యాక్రో విలువ మార్చుకోవచ్చు. కాకపోతే డిస్క్రిప్షన్లు మనుషులు టైప్ చేసేవి, ఒకడు పెద్దక్షరాలు, ఒకడు చిన్నవి, చివర స్పేస్ వదిలేసేవాడు ఇంకొకడు. ఆ కనపడని స్పేస్ ఒక్కటుంటే చాలు మీ డాలర్ ఫెయిల్. అందుకని డిస్క్రిప్షన్ మీద రాసేటప్పుడు మొదట్లో క్యారెట్ పెట్టండి, చివర వదిలెయ్యండి.

కొత్త_అడ్మిన్:
సూపర్, డాలర్‌తో జాబిక్స్ టెస్ట్‌లో 4 వచ్చాయి, ప్రొమీథియస్ కూడా వచ్చింది. ఇదే ఊపులో ఇంకోటి. సిస్‌లాగ్‌లో (పరికరాలు పంపే లాగ్) 10.1.1.1 అనే రూటర్ లైన్లు వస్తే అలర్ట్ రావాలి, 10.1.1.1 అనే పెట్టాను, కానీ 10.101.15.7 వాడి లైన్లకి కూడా మోగుతోంది. ఈ రెండింటికీ పోలికే లేదు కదా?

కమాండ్‌లైన్:
ఉంది 🙂 రెజెక్స్‌లో చుక్క అంటే చుక్క కాదు, ఏదో ఒక అక్షరం. మీ ప్యాటర్న్‌ని ఒక్కో అక్షరంగా పెట్టి చూడండి: 1, 0, ఏదో ఒకటి, 1, ఏదో ఒకటి, 1, ఏదో ఒకటి, 1. ఇప్పుడు 10.101.15.7 లో మొదటి ఎనిమిది అక్షరాలు 10.101.1, రెండో చుక్క చోట సున్నా కూర్చుంది, అంతే, మ్యాచ్. ఇది కాక 10.1.1.10, 10.1.1.100, 110.1.1.1 అన్నీ తగులుతాయి. చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, రెండు వైపులా అంకె లేదని చెప్పాలి:

(^|[^0-9])10\.1\.1\.1([^0-9]|$)

బ్యాక్‌స్లాష్‌తో ఇంకో తలనొప్పి ఉంది, ప్రొమీథియస్ క్వెరీలో డబుల్ కోట్స్ మధ్య ఒక్క బ్యాక్‌స్లాష్ చుక్క రాస్తే ఎర్రర్ కొడుతుంది, రెండు కొట్టాలి. యామల్ (కాన్ఫిగ్) ఫైల్లో కోట్స్‌ని బట్టి ఇంకో లెక్క. నేనైతే ఆ గొడవంతా వదిలేసి చుక్కని చదరపు బ్రాకెట్లో పెడతాను, ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది:

10[.]1[.]1[.]1

అంకెకి కూడా బ్యాక్‌స్లాష్ డి వాడను, [0-9] రాస్తాను, ఎందుకంటే మైనస్ ఈ (-E) తో నడిపే గ్రెప్‌కి (ఫైల్లో లైన్లు వెతికే కమాండ్) బ్యాక్‌స్లాష్ డి ఒక ప్రామాణిక గుర్తు కాదు, మైనస్ పీ (-P) పెట్టాలి. ఇంకో మాట, ప్రొమీథియస్‌లో ఇన్‌స్టెన్స్ లేబుల్ మీద ఐపీ వెతుకుతుంటే చివర పోర్ట్ కూడా ఉంటుంది, నోడ్ ఎక్స్‌పోర్టర్ (సర్వర్ వివరాలు ప్రొమీథియస్‌కి ఇచ్చే ప్రోగ్రామ్) అయితే 10.1.1.1:9100 లా, అప్పుడు వెనక :[0-9]+ కలపకపోతే మళ్ళీ ఖాళీ రిజల్టే.

కేబుల్_కష్టాలు:
10.99 తో మొదలయ్యేవి వద్దు అని ^(?!10\.99\.) రాస్తే జాబిక్స్ తీసుకుంది, ప్రొమీథియస్ పార్స్ ఎర్రర్ అంటోంది. ఇది కూడా ఆ బ్యాక్‌స్లాష్ గొడవేనా?

కమాండ్‌లైన్:
అది ముందు తగులుతుంది, అది సరిచేసినా మళ్ళీ ఆగుతుంది. జాబిక్స్ 3.4 నుంచి పీసీఆర్‌ఈ ఇంజిన్ వాడుతోంది, అందులో "ఇక్కడి నుంచి ఇది రాకూడదు" అనే లుక్‌అహెడ్ ఉంది. ప్రొమీథియస్ వాడేది ఆర్‌ఈ2 సింటాక్స్, అందులో లుక్‌అహెడ్ లేదు, బ్యాక్‌రెఫరెన్స్ (ముందు తగిలినదే మళ్ళీ రావాలి అనడం) కూడా లేదు. ప్యాటర్న్‌లోనే "కాదు" అనే బదులు ఆపరేటర్‌తో అనండి, !~ పెట్టి 10[.]99[.].* రాస్తే సరిపోతుంది. జాబిక్స్‌లో కూడా ఫిల్టర్‌కి డజ్ నాట్ మ్యాచ్ ఆప్షన్ ఉంది, లుక్‌అహెడ్ కన్నా అదే నయం, ఆరు నెలల తర్వాత చదివినా అర్థమవుతుంది.

ఆర్‌ఈ2 వాళ్ళు లుక్‌అహెడ్ లాంటివి కావాలనే వదిలేశారు. ఇన్‌పుట్ ఎంత పొడవుంటే టైమూ ఆ లెక్కనే పెరగాలి, అంతకు మించకూడదు అనేది వాళ్ళ గ్యారంటీ. వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే ఇంజిన్లలో ఆ గ్యారంటీ లేదు. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ 27 నిమిషాలు పడిపోయింది కదా, ఫైర్‌వాల్ రూల్లో కొత్తగా పెట్టిన ఒక్క రెజెక్స్ వాళ్ళ సర్వర్ల సీపీయూ మొత్తం తినేసింది, అందులో ప్రాణం తీసిన ముక్క ఇది:

.*(?:.*=.*)

చుక్క-స్టార్ పక్కన చుక్క-స్టార్, ఏది ఎంత మింగాలో తేల్చుకోలేక అన్ని కాంబినేషన్లూ చూస్తుంది. కాబట్టి సిస్‌లాగ్ మీద, సెకనుకి వేల లైన్లు వచ్చేచోట, అలవాటుగా ముందూ వెనకా .* తగిలించకండి. జాబిక్స్‌లో ఎలాగూ మధ్యలో తగిలినా మ్యాచే, దాని అవసరమే లేదు.

నైట్‌షిఫ్ట్:
దీనికి తోడు లాగుల్లో వెతికే లోకీ వాడేవాళ్ళకి: అక్కడ రెండు రకాలూ ఒకే క్వెరీలో ఉంటాయి. లేబుల్ మీద రెజెక్స్ మొత్తం సరిపోవాలి, ఆ తర్వాత |~ తో లైన్ వెతికితే మధ్యలో తగిలినా చాలు. నాగియోస్ (ఇంకో మానిటరింగ్ టూల్) వాళ్ళయితే మెయిన్ కాన్ఫిగ్‌లో ట్రూ రెజెక్స్ మ్యాచింగ్ అనే ఆప్షన్ ఆన్ చేసేముందు ఆలోచించండి. మామూలు రెజెక్స్ మ్యాచింగ్ ఆన్ చేసి ఇది ఆఫ్‌లో ఉన్నంతవరకు స్టార్, ప్రశ్నార్థకం, ప్లస్, బ్యాక్‌స్లాష్ చుక్క ఉన్న పేర్లే రెజెక్స్ అనుకుంటుంది, ఆన్ చేస్తే అన్నీ రెజెక్సే, వెబ్1 అని రాస్తే వెబ్10, వెబ్11 కూడా గ్రూపులోకి వచ్చేస్తాయి.

టెస్ట్ చెయ్యడానికి ఆన్‌లైన్ సైట్ల కన్నా మీ సొంత పేర్ల లిస్టే నమ్మకం. స్విచ్ మీద ఎస్‌ఎన్‌ఎమ్‌పీ వాక్ కొట్టి పేర్ల కాలమ్ ఒక్కటి ఫైల్లోకి తీసి దాని మీద గ్రెప్ నడపండి, మైనస్ వీ పెట్టి తగలనివి కూడా ఒకసారి చూడండి. అందరూ తగిలినవి చూసి వదిలేస్తారు, కొంప ముంచేవి తగలనివాటిలో ఉంటాయి. ప్రొమీథియస్ కోసమైతే మైనస్ ఎక్స్ కలపండి, లైన్ మొత్తం సరిపోతేనే చూపిస్తుంది. జాబిక్స్‌లో గ్లోబల్ రెజెక్స్‌గా సేవ్ చేస్తే టెస్ట్ ట్యాబ్ వస్తుంది, వాడేచోట పేరు ముందు @ పెట్టాలి.

కొత్త_అడ్మిన్:
థ్యాంక్యూ అన్నలూ. ఆఖరిది. ఫిల్టర్ మార్చాను, డిస్కవరీ కూడా ఎగ్జిక్యూట్ నౌ కొట్టాను, కానీ ఆ పనికిరాని 39 పోర్టులు ఇంకా ఐటెమ్స్‌లో కూర్చునే ఉన్నాయి. రెజెక్స్ ఇంకా తప్పా?

పాతకాపు:
కాదు, రెజెక్స్ బాగానే ఉంది. ఫిల్టర్‌లోంచి జారిపోయినవాటిని జాబిక్స్ వెంటనే చెరపదు, ఇక కనపడట్లేదు అని గుర్తు పెట్టుకుని కొన్నాళ్ళు ఉంచుతుంది. డిస్కవరీ రూల్‌లో లాస్ట్ రిసోర్సెస్ అనే సెట్టింగ్ ఉంటుంది, ఎన్నాళ్ళు ఉంచాలో అక్కడే. దాన్ని ఇమ్మీడియట్లీ (7.0 కి ముందు వెర్షన్లలో 0) చేస్తే వెంటనే పోతాయి, కానీ అలా వదిలెయ్యకండి, రేపు ఫిల్టర్‌లో ఒక్క గుర్తు తప్పు కొట్టారంటే ఆ నాలుగు అప్‌లింకులు కూడా పాత గ్రాఫుల హిస్టరీతో సహా పోతాయి. తొందర ఉంటే ఐటెమ్స్ లిస్టులో ఆ 39 పోర్టులవి సెలెక్ట్ చేసి చేత్తో డిలీట్ చెయ్యండి, సెట్టింగ్ ముట్టుకోకండి.