లిటిల్ రాస్కల్స్ బ్లూ-రే మన ప్లేయర్‌లో ఆడుతుందా?

అందరికీ నమస్కారం. హాల్ రోచ్ 1922లో మొదలుపెట్టిన ‘అవర్ గ్యాంగ్’ కామెడీ లఘుచిత్రాల గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. తర్వాత అమెరికా టీవీలో ‘లిటిల్ రాస్కల్స్’ పేరుతో వచ్చినవి ఇవే.

మా నాన్నగారికి వాటిలోని పిల్లలు స్పాంకీ, అల్ఫాల్ఫా అంటే ప్రాణం. కానీ ఆయన ఇన్నాళ్లూ చూసినవన్నీ గీతలు పడి మసకబారిన కాపీలే. టీవీ కోసం కత్తిరించినవి కూడా వాటిలో ఉన్నాయి. పిల్లల ముఖాల్లో హావభావాలు సరిగా కనబడకపోతే ఆ కామెడీలో సగం పోయినట్టే కదా! 1929 నుంచి 1938 వరకు రోచ్ తీసిన టాకీలు 80. వాటిని క్లాసిక్‌ఫ్లిక్స్ అనే సంస్థ బాగుచేసి 2021 నుంచి బ్లూ-రేలుగా తెచ్చింది. నాన్నగారి 75వ పుట్టినరోజుకి అవి కొనాలని ఉంది.

అయితే ఒక టెన్షన్. పోయినసారి అమెరికా నుంచి వేరే డీవీడీ తెప్పిస్తే రీజియన్ (డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే కోడ్) తేడా అని మా ప్లేయర్ ఆడించలేదు. బ్లూ-రేల్లో అమెరికాది రీజియన్ ఏ, మనది సీ. ఈ డిస్కులకు రీజియన్ లాక్ ఉందా? మన దగ్గర కొన్న ప్లేయర్‌లో ఎవరైనా వేసి చూశారా?

ఇంకొకటి. నాన్నగారికి ఇప్పుడు వినికిడి తగ్గింది. తొలి టాకీల్లో మాట అసలే స్పష్టంగా ఉండదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయా? డిస్కు చేతిలో ఉన్నవాళ్లు వెనక అట్ట మీద ఏం రాసుందో చూసి చెప్పినా చాలు.